రెండేళ్ల ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీ, ఒక క్లెయిమ్: చిన్న ఆన్‌లైన్ సర్వీస్‌కి ఇన్సూరెన్స్ అవసరమా?

ముందే చెప్పేస్తాను, మాలాంటి వాళ్లకి అవసరమే. కానీ అందరికీ కాదు, పాలసీ అమ్మేవాళ్లు చెప్పే కారణాల వల్ల అసలే కాదు.

మేం ముగ్గురం కలిసి నడుపుకునే చిన్న ఆన్‌లైన్ సర్వీస్ మాది. క్లయింట్ల వెబ్‌సైట్లు చూసుకుంటాం. వాళ్ల ఎంక్వైరీ ఫారాలు, రిజిస్ట్రేషన్లు, వాళ్ల కస్టమర్లకి వెళ్లే ఈమెయిళ్లు మా చేతుల మీదుగానే నడుస్తాయి. ఆఫీసు లేదు, గోడౌన్ లేదు, స్టాక్ లేదు. మూడు ల్యాప్‌టాప్‌లు, అద్దెకి తీసుకున్న సర్వర్లు, అంతే. మొదలుపెట్టిన కొత్తలో ఎవరైనా ఇన్సూరెన్స్ మాట ఎత్తితే "కాలిపోవడానికి ఏముంది మన దగ్గర?" అనుకునేవాళ్లం. ఇన్సూరెన్స్ అంటే మన వస్తువుకి నష్టం జరిగితే వచ్చే డబ్బు అనే లెక్కలోనే ఉన్నాం అప్పటికి. మన పని వల్ల అవతలివాళ్లకి నష్టం జరిగితే ఎవరు కట్టాలి అనే ప్రశ్న అప్పటికి మాకు తట్టలేదు.

కొన్నది కూడా ముందుచూపుతో కాదు. ఒక పెద్ద క్లయింట్ కాంట్రాక్ట్ పంపింది, అందులో ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ సర్టిఫికెట్ ఇస్తేనే సంతకం అని ఉంది. కొన్నిచోట్ల దీన్నే ఎర్రర్స్ అండ్ ఒమిషన్స్ అంటారు, సంగతి ఒకటే. వృత్తిపరంగా మనం చేసిన పొరపాటు వల్లో, చేయాల్సింది చేయకపోవడం వల్లో క్లయింట్‌కి డబ్బు నష్టం జరిగి మన మీదికి వస్తే, లాయర్ ఖర్చు, చివరికి కట్టాల్సిన పరిహారం ఈ పాలసీ చూసుకుంటుంది. దానికి తోడు సైబర్ కవర్, అంటే హ్యాకింగ్, డేటా పోవడం లాంటివాటికి ఉండేది, అదనంగా తీసుకున్నాం. ప్రీమియం మాకు ఒక మామూలు నెలలో వచ్చే బిల్లింగ్‌లో సగం కంటే తక్కువే అయింది. డిడక్టిబుల్, అంటే ప్రతి క్లెయిమ్‌లో ముందు మనం సొంతంగా పెట్టుకోవాల్సిన భాగం, ఒక చిన్న ప్రాజెక్ట్ ఫీజంత. కంపెనీ పేరు రాయడం లేదు. మంచీ చెడూ రెండూ చెప్పాలి కాబట్టి పేరు లేకుండా చెప్పడమే సబబనిపించింది.

కొనేటప్పుడు నింపే ప్రపోజల్ ఫారం గురించి ముందు చెప్పాలి, ఎందుకంటే ఈ మొత్తం వ్యవహారంలో మాకు మొదటి లాభం అక్కడే వచ్చింది. బ్యాకప్ ఎంత తరచుగా తీస్తారు, దాన్నించి తిరిగి రీస్టోర్ చేసి ఎప్పుడైనా చూశారా, అన్ని అకౌంట్లకీ టూ స్టెప్ లాగిన్ ఉందా, పని వదిలి వెళ్లినవాళ్ల పాస్‌వర్డ్‌లు ఎన్ని రోజుల్లో తీసేస్తారు, ఇలాంటి ప్రశ్నలు. నిజాయితీగా జవాబు రాద్దామని కూర్చుంటే సగం ప్రశ్నలకి "లేదు" అనే రాయాల్సి వచ్చింది. రెండు వారాలు ఫారం పక్కన పెట్టి, అవన్నీ సరిచేసుకుని, అప్పుడు నింపాం. ఏజెంట్ మాత్రం "అన్నిటికీ అవును అని టిక్ పెట్టేయండి, ఎవరూ చూడరు" అన్నాడు. దయచేసి ఆ పని చేయకండి. ఇన్సూరెన్స్‌లో ఉన్నది ఉన్నట్టు చెప్పాలనే నియమం చాలా పాతది. 1766లో ఇంగ్లండ్‌లో కార్టర్ వర్సెస్ బోమ్ కేసులో జడ్జి లార్డ్ మాన్స్‌ఫీల్డ్ దాన్ని స్పష్టంగా చెప్పాడు. రిస్క్ ఏంటో ఎక్కువగా తెలిసేది బీమా తీసుకునేవాడికే, అతను దాస్తే ఒప్పందం నిలవదు అని. ఈ రోజుకీ క్లెయిమ్ వచ్చినప్పుడు మొదట తీసి చూసేది ఆ ఫారమే. లేని టూ స్టెప్ లాగిన్ ఉందని రాసి, రేపు ఆ అకౌంట్ నుంచే హ్యాక్ అయితే, కట్టిన ప్రీమియం అంతా నీళ్లలో పోసినట్టే.

ఇక అసలు విషయం. పాలసీ తీసుకున్న పద్నాలుగో నెలలో క్లెయిమ్ వచ్చింది.

ఒక ట్రైనింగ్ సంస్థ వెబ్‌సైట్‌ని పాత సర్వర్ నుంచి కొత్తదానికి మార్చాం. మార్చేటప్పుడు టెస్టింగ్ కోసం రిజిస్ట్రేషన్ ఫారం నుంచి వచ్చే మెయిళ్లు మా టెస్ట్ మెయిల్‌బాక్స్‌కి వచ్చేలా పెట్టుకుని, పని అయ్యాక దాన్ని తిరిగి క్లయింట్ అడ్రస్‌కి మార్చడం మర్చిపోయాం. సైట్ చక్కగా కనిపిస్తోంది, ఫారం నింపితే "ధన్యవాదాలు" అని కూడా వస్తోంది, కానీ ఆ రిజిస్ట్రేషన్లేవీ క్లయింట్‌కి చేరడం లేదు. పదకొండు రోజులు. పైగా మా టెస్ట్ మెయిల్‌బాక్స్‌లో వారం దాటిన మెయిళ్లు వాటంతటవే డిలీట్ అయిపోయేలా సెట్టింగ్ ఉంది, అందుకని మొదటి నాలుగు రోజులవి పూర్తిగా పోయాయి. అవి వాళ్ల కొత్త బ్యాచ్ మొదలయ్యే ముందు రోజులు, ఏడాదిలో వాళ్లకి ఎక్కువ రిజిస్ట్రేషన్లు వచ్చే సమయం.

క్లయింట్ నుంచి వచ్చిన ఉత్తరం చదివిన రాత్రి మాకెవరికీ నిద్రలేదు. పోయిన రిజిస్ట్రేషన్లన్నిటికీ పూర్తి ఫీజు లెక్కగట్టి, దాని మీద పరువు నష్టం అని ఇంకొంత కలిపి అడిగారు. మా ఆరు నెలల ఆదాయం కంటే ఎక్కువ. నేను వెంటనే కూర్చుని "తప్పు మాదే, క్షమించండి, నష్టం మేమే భరిస్తాం" అని మెయిల్ రాసేశాను. పంపే ముందు మా పార్ట్‌నర్ ఆపింది. పాలసీలో ఒక షరతుంది, బీమా కంపెనీ ఒప్పుకోకుండా బాధ్యత మనదే అని ఒప్పుకోకూడదు, డబ్బిస్తామని మాట ఇవ్వకూడదు. ఇస్తే క్లెయిమ్ తిరస్కరించడానికి వాళ్లకి కారణం దొరికినట్టే. ఇది చాలామందికి తెలియదు, నాకూ గుర్తులేదు. మనిషిగా క్షమాపణ చెప్పడం సహజం, చెప్పొద్దని నేననను. కానీ జరిగింది చెప్పడం వేరు, డబ్బు బాధ్యత రాసివ్వడం వేరు. చివరికి "సమస్య ఎక్కడుందో కనిపెట్టి సరిచేశాం, మిగిలిన రిజిస్ట్రేషన్లన్నీ ఇదిగో పంపుతున్నాం, మీ ఉత్తరం గురించి త్వరలో జవాబిస్తాం" అని మాత్రం రాశాం.

మర్నాడు పొద్దున్నే బీమా కంపెనీకి తెలియజేశాం. కాంట్రాక్ట్, సర్వర్ లాగ్‌లు, క్లయింట్‌తో నడిచిన మెయిళ్లు అన్నీ అడిగారు. నాలుగు పనిదినాల్లో ఒక లాయర్‌ని పెట్టారు, ఆవిడ మాతో రెండు గంటలు మాట్లాడింది. నేను ఈ పాలసీకి మంచి మార్కులు వేయడానికి కారణం ఆ రెండు గంటలే. పరిహారం చెక్కు సంగతి తర్వాత. మేం అప్పటిదాకా "ఎంత కట్టాలి" అని మాత్రమే ఆలోచిస్తున్నాం, ఆవిడ "వాళ్లకి నిజంగా ఎంత నష్టం జరిగింది" అని అడగడం మొదలుపెట్టింది. ఫీజు మొత్తం నష్టం కాదు, అందులో ఆ సీటు నడపడానికి అయ్యే ఖర్చు తీసేయాలి. అంతకు ముందు ఏడాది అవే రోజుల్లో ఎంతమంది చేరారు? ఫారం నింపి జవాబు రాక ఫోన్ చేసి చేరినవాళ్లు ఎంతమంది? మేం పంపిన జాబితాలోంచి తర్వాత చేరినవాళ్లు ఎంతమంది? బ్యాచ్‌లో సీట్లు మిగిలాయా, నిండాయా? ఈ ప్రశ్నలన్నీ మర్యాదగా, కాగితం మీద, మా తరఫున ఆవిడే అడిగింది. మేమే అడిగి ఉంటే అది గొడవ అయ్యేది.

ఐదు నెలలు పట్టింది. చివరికి అడిగినదాంట్లో మూడో వంతు కంటే కొంచెం తక్కువకి ఒప్పందం కుదిరింది. డిడక్టిబుల్ మేం కట్టాం, మిగతాది, లాయర్ ఫీజుతో సహా, బీమా కంపెనీ కట్టింది. ఆ క్లయింట్ మాత్రం కాంట్రాక్ట్ అయిపోగానే వెళ్లిపోయారు. వాళ్లని తప్పుపట్టను. నమ్మకం పోతే దానికి ఏ పాలసీ లేదు.

ఇప్పుడు కవర్ కానివి. ఆ ఐదు నెలల్లో మాకు టెన్షన్ తెప్పించినవి ఇవే, ఏజెంట్ "అన్నీ కవర్ అవుతాయండీ" అని ఒక్క ముక్కలో తేల్చేసినవీ ఇవే. ఆ నెల మెయింటెనెన్స్ ఫీజు క్లయింట్‌కి వాపస్ ఇచ్చాం, అది కవర్ కాలేదు. మన ఫీజు మనం తిరిగివ్వడం చాలా పాలసీల్లో నష్టపరిహారం కిందికి రాదు. రెండోది ఇంకా ముఖ్యం. మా కాంట్రాక్ట్‌లో "సేవ ఆగిన ప్రతి రోజుకీ ఇంత పెనాల్టీ" అని ఒక లైన్ ఉంది, మేం పెద్దగా పట్టించుకోకుండా సంతకం చేశాం. పాలసీ చట్టప్రకారం మన మీద పడే బాధ్యతనే మోస్తుంది. మనంతట మనం కాంట్రాక్ట్‌లో ఒప్పుకున్న అదనపు పెనాల్టీలు, గ్యారంటీలు చాలావరకు మినహాయింపుల్లోకి వెళ్లిపోతాయి. ఆ పదకొండు రోజుల పెనాల్టీ మా జేబులోంచే పోయింది. అప్పట్నుంచి కాంట్రాక్ట్ వస్తే మొదట ఆ లైన్ వెతుకుతాను. తీసేయమని అడిగితే చాలామంది తీసేస్తున్నారు కూడా, ఇన్నాళ్లూ మేం అడగకపోవడమే తప్పు.

ఇంకో మాట, ఇది అర్థం కావడానికి నాకు మూడుసార్లు చదవాల్సి వచ్చింది కాబట్టి కాస్త వివరంగా రాస్తాను. వాహనం ఇన్సూరెన్స్ లాంటివాటిలో ప్రమాదం జరిగిన రోజు పాలసీ ఉంటే చాలు. ప్రొఫెషనల్ ఇండెమ్నిటీ పాలసీలు ఎక్కువగా క్లెయిమ్స్ మేడ్ పద్ధతిలో ఉంటాయి, అంటే మన మీద క్లెయిమ్ వచ్చిన రోజు పాలసీ నడుస్తూ ఉండాలి. పని ఎప్పుడు చేశామన్నది కాదు, ఎప్పుడు అడిగారన్నది లెక్క. దీంతో రెండు చిక్కులు. పోయినేడాది చేసిన పనికి ఈ ఏడాది నోటీసు వస్తే, ఈ ఏడాది పాలసీ కట్టకపోయి ఉంటే, ఆ రోజు పాలసీ ఉందిగా అనడానికి లేదు. బిజినెస్ మూసేసినా అంతే, మూసేశాక కొన్నేళ్లు రన్ ఆఫ్ కవర్ అని విడిగా తీసుకోవాలి. రెండో చిక్కు రెట్రోయాక్టివ్ డేట్. ఆ తేదీకి ముందు చేసిన పనికి కవర్ ఉండదు. మేం మొదలుపెట్టిన ఎనిమిది నెలలకి పాలసీ తీసుకున్నాం. అడిగితే ఆ ఎనిమిది నెలలు వెనక్కి జరిపి మొదలుపెట్టిన రోజునే రెట్రోయాక్టివ్ డేట్‌గా వేశారు, అప్పటికి మాకు తెలిసిన సమస్యలేవీ లేవని రాసిచ్చాం. రెన్యువల్ సమయంలో ఇంకో కంపెనీ మూడో వంతు తక్కువ ప్రీమియంకి ఇస్తామంది. సంతోషంగా కట్టబోతూ చూస్తే రెట్రోయాక్టివ్ డేట్ అని కొత్త పాలసీ మొదలయ్యే తేదీయే ఉంది. అంటే అప్పటిదాకా చేసిన పనంతా గాలికి వదిలేసినట్టు. ఆ తక్కువ ప్రీమియం ఎక్కడ్నుంచి వచ్చిందో అప్పుడు అర్థమైంది.

సైబర్ భాగం వాడాల్సిన అవసరం ఇంతవరకు రాలేదు, అందుకే దాని మీద అనుభవంతో చెప్పలేను, చదివి అర్థం చేసుకున్నది చెప్తాను. ఇది మన సొంత నష్టానికి కూడా వర్తిస్తుంది. డేటా తిరిగి తెచ్చుకోవడం, ఏం జరిగిందో తేల్చే నిపుణుల ఖర్చు, కస్టమర్లకి తెలియజేసే ఖర్చు ఇందులో ఉంటాయి. చిన్నవాళ్ల జోలికి ఎవరొస్తారు అనుకునేవాళ్లకి 2014 జూన్‌లో కోడ్ స్పేసెస్ అనే సర్వీస్‌కి ఏమైందో చెప్పాలి. సాఫ్ట్‌వేర్ తయారుచేసేవాళ్లు తమ కోడ్ దాచుకునే ఆన్‌లైన్ సర్వీస్ అది. ఎవరో వాళ్ల క్లౌడ్ కంట్రోల్ ప్యానెల్‌లోకి చొరబడి డబ్బడిగారు, వాళ్లు పాస్‌వర్డ్‌లు మార్చి అడ్డుకోబోతే డేటా, బ్యాకప్‌లు చాలావరకు తుడిచేశారు. పన్నెండు గంటల్లో అంతా అయిపోయింది, కంపెనీ మూతపడింది. బ్యాకప్‌లు కూడా అదే ప్యానెల్ కింద ఉండటం వాళ్లని ముంచింది. పాలసీ ఉన్నా అక్కడ పోయిన డేటా తిరిగి రాదు, అందుకే బ్యాకప్‌కి బదులు ఇన్సూరెన్స్ అనుకోకండి.

దాడి చేసేవాళ్లు రానక్కర్లేదు కూడా. 2017 జనవరి 31న అలాంటి సర్వీసే అయిన గిట్‌ల్యాబ్‌లో రాత్రి పొద్దుపోయాక పనిచేస్తున్న ఒక ఇంజనీర్ వేరే సర్వర్ అనుకుని అసలు డేటాబేస్ ఉన్న సర్వర్ మీద డిలీట్ కమాండ్ కొట్టాడు. రోజూ జరుగుతున్నాయనుకున్న బ్యాకప్‌లు చూస్తే జరగడమే లేదు, జరగలేదని చెప్పే మెయిళ్లు కూడా వాళ్లకి చేరలేదు. అదే ఇంజనీర్ ఆరు గంటల ముందు వేరే పని కోసం తీసి ఉంచిన కాపీ ఉండబట్టి గట్టెక్కారు, ఆ ఆరు గంటల డేటా మాత్రం పోయింది. మా టెస్ట్ మెయిల్‌బాక్స్ కథ విన్న ఒకరు "మీరు జాగ్రత్తగా లేరు కాబట్టి జరిగింది" అన్నారు. నిజమే, జాగ్రత్తగా లేం. కానీ అంత పెద్ద టీముల్లోనే ఇది జరిగినప్పుడు ముగ్గురున్న చోట జరగదని ఎలా అనుకుంటాం?

సైబర్ కవర్ కొనేవాళ్లు మూడు చోట్ల వేలు పెట్టి చదవాలి. బిజినెస్ ఆగిన నష్టానికి వెయిటింగ్ పీరియడ్ ఉంటుంది, మాది పన్నెండు గంటలు, ఆలోపు సైట్ లేచి కూర్చుంటే ఏమీ రాదు. మోసపు మెయిల్ నమ్మి మనమే డబ్బు పంపేస్తే, దానికి లిమిట్ విడిగా, చాలా చిన్నదిగా ఉంటుంది. మాకు మొత్తం కవర్‌లో పదో వంతు మాత్రమే. మూడోది యుద్ధం మినహాయింపు, ఇది మాకెందుకు అనిపిస్తుంది గానీ, 2017లో నాట్‌పెట్యా వైరస్ ప్రపంచమంతా పాకినప్పుడు కొన్ని బీమా కంపెనీలు ఇది ఒక దేశం చేసిన యుద్ధచర్య అని చెల్లింపు నిరాకరించాయి. ఆ తర్వాత లండన్‌లోని పెద్ద బీమా మార్కెట్ లాయిడ్స్ 2023 మార్చి 31 నుంచి సైబర్ పాలసీల్లో ప్రభుత్వాల అండతో జరిగే దాడుల గురించి స్పష్టమైన మినహాయింపు రాయాలని నిబంధన పెట్టింది. మీ పాలసీలో ఆ వాక్యం ఎలా ఉందో చూసుకోండి.

మీ క్లయింట్లలో యూరప్ కస్టమర్లున్నవాళ్లు ఉంటే ఒక చిన్న విషయం. 2018 మే 25 నుంచి అమల్లో ఉన్న జీడీపీఆర్ అనే యూరప్ డేటా రక్షణ చట్టం ప్రకారం డేటా బయటికి పోతే అధికారులకి 72 గంటల్లో తెలియజేయాల్సింది క్లయింట్, కానీ వాళ్ల తరఫున డేటా చూసుకునే మనం ఆలస్యం చేయకుండా ముందు వాళ్లకి చెప్పాలి. ఇలాంటి చట్టాల కింద పడే జరిమానాలు పాలసీ కడుతుందా లేదా అన్నది దేశాన్నిబట్టి మారుతుంది. కాబట్టి పాలసీలో "జరిమానాలు" అన్న మాట కనిపించగానే నిశ్చింతగా ఉండిపోకండి. అలాగే ఏ దేశాల కోర్టుల్లో వేసిన కేసులకి కవర్ ఉందో చూడండి. అమెరికా, కెనడా మినహాయించిన పాలసీలు చాలా ఉన్నాయి, ఆన్‌లైన్‌లో పని చేసేవాళ్లకి క్లయింట్ ఎక్కడివాడైనా కావచ్చు కదా.

మరి ఎవరికి అక్కర్లేదు? మీ తప్పు వల్ల అవతలివాళ్లు పోగొట్టుకునేది మీ ఫీజుకి మించదు అనుకుంటే, ఉదాహరణకి ఎవరి డేటా ముట్టుకోకుండా లోగోలు గీసి ఇచ్చే పని అయితే, మొదటి ఏడాది ఆగొచ్చు. అప్పుడు కూడా ఆ లోగో ఇంకెవరిదో పోలి ఉందనే గొడవ రావచ్చు, ఆ సంగతి గుర్తుంచుకోవాలి. జనరల్ లయబిలిటీ మాత్రం మాకు అంటగట్టబోయారు, వద్దన్నాం. ఎవరైనా మన దగ్గరకొచ్చి జారిపడటం, మన వల్ల ఎవరి వస్తువో పగిలిపోవడం లాంటివాటికి అది. మా పనిలో ఎవరూ మా దగ్గరికి రారు. ఉద్యోగుల్ని పెట్టుకుంటే వాళ్ల కోసం తీసుకోవాల్సిన ఇన్సూరెన్స్ చాలా దేశాల్లో చట్టప్రకారం తప్పనిసరి, అది మన ఇష్టాయిష్టాల విషయం కాదు. "కంపెనీ రిజిస్టర్ చేశాం, సొంత ఆస్తికి ఢోకా లేదు" అని ధైర్యంగా ఉన్న స్నేహితులు కూడా ఉన్నారు. అది కొంతవరకే నిజం, సొంతంగా చేసిన నిర్లక్ష్యానికి మనిషి మీదే కేసు వేసే వీలు చాలాచోట్ల ఉంది.

డబ్బు పరిమితంగా ఉంటే ముందు మంచి కాంట్రాక్ట్ రాయించుకోండి. మా బాధ్యత ఇంతవరకే, ఉదాహరణకి గత పన్నెండు నెలల్లో మీరు కట్టిన ఫీజు వరకే, అని ఒక వాక్యం అందులో ఉండాలి. మేం వాడే హోస్టింగ్ కంపెనీ తన షరతుల్లో సరిగ్గా అదే రాసుకుంది. వాళ్ల సర్వర్ పడిపోతే మాకు వచ్చేది కొన్ని రోజుల క్రెడిట్ మాత్రమే, మా క్లయింట్‌కి జరిగే నష్టం మాత్రం మా నెత్తినే. ఆ తేడా ఎంతుందో అంత భారాన్ని పాలసీ మోయాలి. అలా లెక్క వేసుకుంటే ఎంత కవర్ తీసుకోవాలో కూడా తేలిపోతుంది.

5కి మూడున్నర ఇస్తాను. లాయర్‌ని పెట్టిన వేగానికి, ఆవిడ పనితీరుకి పూర్తి మార్కులు. అర మార్కు తగ్గించింది ఐదు నెలల్లో మా ఫైల్ చూసే మనిషి మూడుసార్లు మారి, ప్రతిసారీ మొదట్నుంచి కథంతా చెప్పాల్సి వచ్చినందుకు. మిగతా ఒకటి ఏజెంట్ చెప్పిన "అన్నీ కవర్ అవుతాయి" అనే మాటకి. రెన్యూ చేశాం, అదే కంపెనీతో, అదే రెట్రోయాక్టివ్ డేట్‌తో. ప్రీమియం క్లెయిమ్ వల్ల పావు వంతు పెరిగింది. ఈసారి కట్టే ముందు ఏజెంట్‌ని ఫోన్‌లో ఏమీ అడగలేదు. పెనాల్టీలు, ఫీజు వాపసు, విదేశీ కోర్టులు, పార్ట్‌టైమ్‌గా మాకు పనిచేసే ఫ్రీలాన్సర్ల తప్పులు, వీటిలో ఏది ఉంది ఏది లేదు అని మెయిల్ పెట్టి, జవాబు రాతపూర్వకంగా వచ్చాకే కట్టాం. ఫ్రీలాన్సర్ల పేర్లు విడిగా చేర్చాలట, చేర్పించాం.